కొల్లేరును ఎకరాల్లో కొలిస్తే

(డ్రెయినేజీ విభాగంలో పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు ఆకివీడులో ఆదివారం సభలో చేసిన ప్రసంగం. ఆయన మాట్లాడిన తీరు మార్చకుండా అచ్చువేస్తున్నాం.)

అందరికీ నమస్కారం అండి. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలున్నాయి.

ఈ సభ కరపత్రం మీద గూడబాతు ఫోటో వేశారు. కొల్లేరు గురించి పక్షి బొమ్మ లేని కరపత్రం నేనింతవరకు చూడలేదు. గూడబాతు మీద నాకేం కోపం లేదండి. కాకపోతే నేను కాలవల మనిషిని. ఉద్యోగం చేసినన్నాళ్ళూ గట్లు, తూములు, పూడిక, గుర్రపు డెక్క, ఇవే నా లోకం. కాబట్టి ఇవాళ పక్షుల సంగతి కొంచెం, నీళ్ళ సంగతి ఎక్కువ చెబుతాను. పక్షుల కోసం వచ్చినవాళ్ళు ఏమీ అనుకోకండి.

కొల్లేట్లో అభయారణ్యం, చేపల చెరువుల గొడవ మొదలైనప్పటినుంచి అందరి నోటా ఒకటే లెక్క, ఎన్ని ఎకరాలు అని. అభయారణ్యం ఎన్ని ఎకరాలు, ఆక్రమణ ఎన్ని ఎకరాలు, సొంత హక్కున్న జిరాయితీ భూమి ఎంత, ప్రభుత్వం సాగుకిచ్చిన డీ-ఫారం పట్టా ఎంత. ఫైళ్ళు చూస్తే కొల్లేటి చాంతాడంత ఉంటాయి. [నవ్వులు] అవన్నీ భూమి లెక్కలండి. కొల్లేరు నీటి వ్యవహారం. నీటిని భూమి కొలతలతో కొలిచినంతకాలం ఈ తగువు తీరదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ముందు ఈ సరస్సు ఎక్కడుందో చూడండి. కుడిపక్కన గోదావరి డెల్టా, ఎడమపక్కన కృష్ణా డెల్టా, మధ్యలో పల్లం. కొన్ని వేల ఏళ్ళ కింద ఇదంతా సముద్రం. రెండు నదులూ ఒండ్రు తెచ్చి చెరోవైపు మేట వేసుకుంటూ ముందుకు జరిగాయి. మధ్యలో మిగిలిపోయిన నీళ్ళే కొల్లేరు. ఇవాళ సముద్రం ఇక్కడికి 35 కిలోమీటర్ల దూరంలో ఉందిగానీ, సరస్సు అడుగు మాత్రం ఇప్పటికీ ఇంచుమించు సముద్రమట్టంలోనే ఉంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే నేను చెప్పబోయేదంతా అర్థమైపోతుంది.

ఇందులోకి వచ్చే నీళ్ళు ఎన్నని చెప్పను? మైలవరం కొండల నుంచి బుడమేరు, ఏలూరును ఒరుసుకుంటూ తమ్మిలేరు, ఆ పైన రామిలేరు, గుండేరు. ఇవికాక రెండు డెల్టాల పొలాల్లో వాడి వదిలేసిన నీళ్ళు మోసుకొచ్చే డ్రెయిన్లూ కాలవలూ చిన్నాపెద్దా కలిపి అరవై దాటతాయి. బయటికి పోయేది మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. పది గుమ్మాల్లోంచి జనం లోపలికొచ్చి, ఒక్క గుమ్మంలోంచే బయటికెళ్ళాల్సిన కళ్యాణమండపం అనుకోండి. పెళ్ళి బాగానే జరుగుతుంది. ఏదైనా జరిగి అందరూ ఒక్కసారి లేస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు కాంటూరు సంగతి. ప్లస్ ఐదు, ప్లస్ మూడు అని పేపర్లలో చదువుతుంటారు. సముద్రమట్టం మీద ఐదడుగుల ఎత్తు వరకు నీళ్ళు నిలిస్తే ఎంతమేర పరుచుకుంటాయో అది ప్లస్ ఐదు కాంటూరు. అది 308 చదరపు కిలోమీటర్లు, 76 వేల ఎకరాల చిల్లర. 1999లో అభయారణ్యంగా ప్రకటించింది దాన్నే. ప్లస్ పది దాకా లెక్కేస్తే 901 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది ఆ విస్తీర్ణం. ప్లస్ మూడుకి కుదిస్తే 135 మిగులుతుంది. 2008లో మన అసెంబ్లీ ప్లస్ మూడుకి తగ్గించమని తీర్మానం చేసింది. ఆ తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ, తగ్గించొద్దు, లోపలున్న జిరాయితీ భూములకు పరిహారమిచ్చి తీసుకోండి అంది.

ఈ మూడు అంకెల మధ్యే ఇన్నేళ్ళ రాజకీయం నడిచింది. కానీ చూడండి, ఆ గీతలు కాగితం మీదే ఉంటాయి. వాన పడ్డప్పుడు నీళ్ళు జీవో చూసి ఆగవు.

కొంచెం లెక్క చేద్దాం. పిల్లలు సెల్‌ఫోన్లు తీయండి, పనికొస్తాయి. 308 చదరపు కిలోమీటర్ల మీద ఒక్క అడుగు లోతు నీళ్ళు నిలిస్తే ఎంత? 331 కోట్ల ఘనపుటడుగులు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు కదా. అంటే 3.3 టీఎంసీలు. అడుగుకి 3.3, ఇది రాసుకోండి. ఇప్పుడు పెద్ద వరద వచ్చింది. అన్ని ఏర్లూ డ్రెయిన్లూ కలిసి లక్ష క్యూసెక్కులు, అంటే సెకనుకి లక్ష ఘనపుటడుగులు తెచ్చాయనుకుందాం. ఊరికే అన్న అంకె కాదు, గరిష్ఠ వరద లక్ష దాటుతుందనే ఇంజనీర్ల అంచనా. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.6 టీఎంసీలు. ఉప్పుటేరు ఎంత పంపుతుంది? బాగా పారే రోజున 15 వేలు అనుకుందాం, చాలా ఉదారంగా అంటున్నాను. అది రోజుకి 1.3 టీఎంసీ. మిగతా ఏడు టీఎంసీలు ఎక్కడుండాలి? కొల్లేట్లోనే ఉండాలి. అభయారణ్యం మొత్తం ఖాళీగా ఉంటే రోజుకి రెండడుగుల పైచిలుకు లేస్తుంది. అందులో సగం చేపల చెరువుల గట్ల వెనక ఉందనుకోండి, అవే నీళ్ళు మిగతా సగంలో నాలుగడుగులు దాటి లేస్తాయి. ఆ నాలుగడుగుల నీళ్ళు సరస్సు మధ్య దిబ్బల మీదున్న లంక గ్రామాల ఇళ్ళలోకీ, వెనక్కి తన్ని డ్రెయిన్ల మీదుగా ఉండి, ఆకివీడు, కైకలూరు చేలల్లోకీ వెళ్తాయి. ఇది స్థూలమైన లెక్కేనండి. మట్టం పెరిగేకొద్దీ నీళ్ళు పక్కలకీ పరుచుకుంటాయి, అది నేను వదిలేశాను. అయినా సంగతి తేలింది. ఆక్రమణ ఎన్ని ఎకరాలు అనే ప్రశ్నకీ, మీ చేలో నీళ్ళు ఎన్ని రోజులు నిలబడతాయి అనే ప్రశ్నకీ మధ్య వంతెన ఈ లెక్క.

ఉప్పుటేరు దగ్గరికి వద్దాం. నాకు ఇష్టమైన విషయం, కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి.

మీరంతా ఆకివీడు వంతెన దాటి వచ్చినవాళ్ళే. ఎండాకాలంలో అమావాస్యకో పౌర్ణమికో ఆ వంతెన మీద పదినిమిషాలు నిలబడి కిందికి చూడండి. గుర్రపు డెక్క చాపలు చాపలుగా కదులుతుంటుంది. ఎటు? సముద్రం వైపు కదా పోవాలి. పోదు. కొల్లేరు వైపు వెళ్తుంటుంది. కొంతసేపటికి ఆగుతుంది, అక్కడే గుండ్రంగా తిరుగుతుంది, తర్వాత మెల్లగా కిందికి దిగడం మొదలుపెడుతుంది. అది పోటూ పాటూ. ఉప్పుటేరు పొడవు అరవై కిలోమీటర్ల పైన. సరస్సులో మట్టం ప్లస్ మూడు ఉంటే, ఆ అరవై కిలోమీటర్లకీ కలిపి మూడే మూడు అడుగుల వాలు. అటు పోటు వచ్చినప్పుడు సముద్రం సగటు మట్టం మీద సుమారు రెండడుగులు లేస్తుంది. ఇంక వాలు ఎంత మిగిలింది? ఒక్క అడుగు. ఆ ఒక్క అడుగునీ తినేయడానికి పూడిక ఉంది, డెక్క ఉంది, వలకట్లున్నాయి, గట్టు జరుపుకుని కట్టుకున్న చెరువులున్నాయి.

దీనికి తోడు తుఫాను వస్తే సముద్రం ఇంకా లేస్తుంది. మనకి పెద్ద వానలు వచ్చేది తుఫానులతోనే. అంటే కొల్లేటికి నీళ్ళు ఎక్కువగా వచ్చే రోజే, బయటికి పంపే దారి మూసుకుపోయే రోజు. పైగా సముద్రమట్టం ఏటికేడు పెరుగుతోంది. ఒక్క అడుగు వాలు మీద బతుకుతున్న కాలవకి ఒక్కో అంగుళమూ పెద్ద మాటేనండి.

మరి ఎండాకాలం? కొల్లేటి మట్టం పడిపోతుంది, పోటు మీద ఉప్పునీళ్ళు పైకి వస్తాయి. మంచినీటి సరస్సని మనం చెప్పుకునే దానిలోకి ఉప్పు ఎక్కుతుంది. కింద ఉప్పునీటి రొయ్యల చెరువులు, పైన మంచినీటి చేపల చెరువులు, మధ్యలో వరి. అందరూ ఒకే కాలవలోంచి తోడుకుంటారు, అందరూ ఒకే కాలవలోకి వదులుతారు. డెల్టా మధ్యలో కూర్చుని, చుట్టూ నీళ్ళు పెట్టుకుని, తాగడానికి క్యాన్లు కొనుక్కుంటున్నాం. ఇది ఒక్క ఉప్పుటేరు వల్లే అనను, కానీ దాని వాటా దానికుంది.

ఇప్పుడు చెరువుల సంగతి. ఇక్కడ చేపల రైతులున్నారు, నాకు తెలుసు. నన్ను తిట్టుకునేముందు మొత్తం వినండి.

కొల్లేట్లో చెరువులు తవ్వమని మొదట చెప్పింది ప్రభుత్వమే. 1969 తుఫాన్ల దెబ్బకి లంకల్లో వ్యవసాయం చితికిపోయింది. అప్పుడు 1970లలో సొసైటీలు పెట్టించి, అప్పులిప్పించి, చేపల పెంపకం చేసుకోండని ప్రోత్సహించారు. పేదవాళ్ళకి, ముఖ్యంగా తరతరాలుగా కొల్లేటి మీద బతికిన వడ్డెలకి మేలు చేద్దామనే ఆలోచన. మొదట్లో జరిగింది కూడా. తర్వాత శీలావతి, బొచ్చె చేపలు ఐస్ వేసుకుని లారీల్లో కలకత్తాకీ అస్సాంకీ వెళ్ళడం మొదలయ్యాక, డబ్బున్నవాళ్ళ కళ్ళు పడ్డాయి. సొసైటీల పేర్లు అలాగే ఉన్నాయి, చెరువులు లీజుల్లోకి వెళ్ళాయి. తాటిదోనె వేసుకుని మావులతో చేపలు పట్టినవాడి కొడుకు, అదే నీళ్ళలో కట్టిన చెరువుకి కాపలాదారు అయ్యాడు. జీతం నెలకింత. అభయారణ్యం వచ్చాక అందరికంటే ముందు కేసు పడింది కూడా వాడి మీదే.

చెరువు గట్టు దగ్గరికి వెళ్ళి చూస్తే అసలు పని తెలుస్తుంది. జేసీబీ పెట్టి లోపలి మట్టి తీసి చుట్టూ పోస్తారు. ఆరడుగులు, ఎనిమిదడుగులు లేపుతారు. ఈ చెరువుకీ ఆ చెరువుకీ మధ్య సన్నటి బోదె ఒకటి మిగులుతుంది. ఒకప్పుడు కిక్కిస, తుంగల మధ్యనుంచి మైళ్ళకొద్దీ వెడల్పున మెల్లగా పాకిన నీళ్ళు ఇప్పుడు ఆ బోదెల్లోంచి దారి వెతుక్కోవాలి. బోదెలో గుర్రపు డెక్క. లోపల చేపలకి తవుడు, చెక్క, సూపర్ ఫాస్ఫేట్, యూరియా, కొన్నిచోట్ల కోళ్ళ పెంట. చేపల పట్టుబడి అయ్యాక ఆ నీళ్ళన్నీ మోటార్లు పెట్టి బోదెలోకే తోడేస్తారు. డెక్కకి అంతకంటే ఏం కావాలి? ఎరువేసి పెంచినట్టు పెరుగుతుంది.

2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మీద గట్లు కొట్టారు. ఆపరేషన్ కొల్లేరు అన్నారు. బాంబులు కూడా పెట్టారు. 40 వేల ఎకరాలకు పైగా చెరువులు పోయాయని అప్పటి లెక్క. నేనంటున్నది మళ్ళీ చూడండి, ఎకరాలే లెక్క. గట్టుకి గండ్లు కొట్టారు, మట్టి అక్కడే ఉండిపోయింది. గండి పూడ్చడం జేసీబీకి ఒక రాత్రి పని. ఎక్కడెక్కడ నీళ్ళ దారి తెరుచుకోవాలో ముందే గుర్తించి, ఆ దారిలో ఉన్న గట్ల మట్టిని పూర్తిగా తీసేసి ఉంటే, అంతకంటే తక్కువ కొట్టినా ఎక్కువ ఫలితం ఉండేది. ఎకరాలు లెక్కగట్టి కొట్టారు కాబట్టి ఎకరాలు లెక్కగట్టే మళ్ళీ కట్టుకున్నారు.

ఎవరో బుడమేరు గురించి చెప్పమని చీటీ పంపారు. చెబుతాను. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ సింగ్‌నగర్ మునిగింది మీకందరికీ గుర్తే. బుడమేరు వరదని వెలగలేరు దగ్గర మళ్ళించి డైవర్షన్ కాలవ ద్వారా కృష్ణలో కలపాలి, అది ఏర్పాటు. అదే సమయానికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. బ్యారేజీ చరిత్రలో అంత ఎప్పుడూ రాలేదు. నది నిండుగా ఉంటే కాలవ నీళ్ళు అందులోకి ఎలా పోతాయి? పోలేదు. గట్లకి గండ్లు పడ్డాయి, నీళ్ళు ఊరి మీద పడ్డాయి, తర్వాత పాతదారినే కొల్లేటికి వచ్చాయి. విజయవాడలో తగ్గాక మన లంకల్లో పెరిగింది. టీవీ కెమెరాలు అప్పటికి వెళ్ళిపోయాయి. ఎగువన ఊరి మధ్యలో బుడమేరుని ఇరికించి ఇళ్ళు కట్టడం, దిగువన కొల్లేటిని ఇరికించి గట్లు కట్టడం, ఈ రెండూ ఒకే తప్పు. ఒకదాని గురించి విజయవాడలో మీటింగు, ఇంకోదాని గురించి ఏలూరులో మీటింగు పెడితే లాభం లేదు. వరద లేని రోజుల్లో కూడా ఆ బుడమేరులో వచ్చేది ఊరి మురుగే. తమ్మిలేరు మీద ఏలూరు మురుగు. శుద్ధి చేయకుండా వదిలిన ప్రతి చుక్కా మన వాకిట్లోకే.

సముద్రం వైపు ఒక్క మాట చెప్పి ముగిస్తాను. కృత్తివెన్ను మండలం చినగొల్లపాలెం వెళ్ళినవాళ్ళకి తెలుసు, తీరం కోతకి గురవుతోంది. కాకినాడ పక్కన ఉప్పాడ సంగతి దేశమంతా తెలుసు. ఈ తీరాన్ని కట్టింది నదుల ఒండ్రు. శ్రీశైలం, నాగార్జునసాగర్, ఎగువ రాష్ట్రాల ఆనకట్టలు, అటు గోదావరి మీద ఆనకట్టలు, అన్నిటి అడుగునా ఆ ఒండ్రు పేరుకుంటోంది. సముద్రం తీసుకెళ్ళేది తీసుకెళ్తూనే ఉంది, నది ఇచ్చేది తగ్గిపోయింది. కోరింగలో, దివిసీమలో మడ అడవులు ఉన్నచోట కాస్త నిలదొక్కుకుంటోంది. 1977 ఉప్పెన చూసిన దివిసీమ వాళ్ళకి మడ చెట్టు విలువ నేను చెప్పక్కర్లేదు.

గూడబాతు గురించి ఏమీ చెప్పలేదంటారేమో. ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్ళండి, వందలకొద్దీ గూళ్ళు కనిపిస్తాయి. చెట్లు చాలక అటవీశాఖ ఇనుప స్టాండ్లు పెట్టింది, వాటి మీద కూడా కడుతున్నాయి. చూడముచ్చటగా ఉంటుంది. కానీ అది గట్టు కట్టిన చెరువండి. బయట కొల్లేరు ఎండాకాలం నెర్రెలిస్తుంది కాబట్టి, నీళ్ళు నిలబడే ఒక చెరువులో పక్షులు తలదాచుకున్నాయి. పర్యాటకులు దాన్ని చూసి కొల్లేరు బాగుందనుకుని వెళ్ళిపోతారు.

ప్రశ్నలుంటే అడగండి.

[సభలో ఒక చేపల రైతు: చెరువులు కొట్టేస్తే మేమేం తిని బతకాలి? మీకేం, పెన్షన్ వస్తుంది.]

నిజమే, వస్తుంది. [నవ్వులు] అన్నీ కొట్టమని నేననలేదు బాబూ. అభయారణ్యం లోపల చట్టం ఒప్పుకోదు, అది నా చేతిలోనూ లేదు, మీ చేతిలోనూ లేదు. కానీ జిరాయితీ హక్కున్నవాళ్ళు లోపల సుమారు 15 వేల ఎకరాల్లో ఉన్నారు. పరిహారం ఇవ్వకుండా అభయారణ్యం అని గీత గీసి వదిలేశారు. అది అన్యాయం, ముందు అది తేల్చాలి. సొంత భూమి లేని లంక కుటుంబాలకి ఖాళీ నీళ్ళలో వేట హక్కు గట్టిగా ఇవ్వాలి, చేపలు నిలిచే నీళ్ళూ ఉండాలి. లీజుకి తీసుకుని వందల ఎకరాలు చేస్తున్న పెద్దవాళ్ళ సంగతి వేరు. మీరు ఎన్ని ఎకరాలు చేస్తారు? ... మూడా? మీ మూడెకరాలని అడ్డం పెట్టుకుని మాట్లాడేవాళ్ళతో జాగ్రత్తగా ఉండండి.

[మరో ప్రశ్న: ఉప్పుటేరు పూడిక తీసి వెడల్పు చేస్తే సరిపోతుంది కదా?]

సరిపోదండి. మంచి ప్రశ్న అడిగారు. తీయాలి, తప్పకుండా తీయాలి. కానీ ఒట్టి తవ్వకం మాత్రమే చేస్తే, వరద ఎంత తొందరగా పోతుందో ఎండాకాలం ఉప్పు అంత తొందరగా పైకి వస్తుంది. కాలవ రెండువైపులా పనిచేస్తుంది కదా. అందుకని రెగ్యులేటరు కావాలి. పోటప్పుడు గేట్లు దించి ఉప్పుని ఆపాలి, పాటప్పుడు ఎత్తి వరదని వదలాలి. ఎండాకాలం కొల్లేట్లో మూడడుగులు నిలబెట్టాలి. ఆ మాట ఏళ్ళుగా వింటున్నాం. ప్రతి ప్రభుత్వమూ అంచనాలు వేస్తుంది.

ఈసారి మీరు వినతిపత్రం ఇచ్చేటప్పుడు రెండు అదనంగా రాయండి. ఒకటి, కొల్లేటి మట్టం రోజూ ఎంతుందో, ఆకివీడు వంతెన దగ్గర ఒకటి, కొల్లేటికోట దగ్గర ఒకటి గేజీ పెట్టి, ఆ అంకె అందరి ఫోన్లకీ వచ్చేట్టు చేయమనండి. ఎకరాల సంగతి కోర్టులు చూసుకుంటాయి, అడుగుల సంగతి మనం చూసుకుందాం. రెండోది, రెగ్యులేటరు కడితే గేట్లు ఎత్తడానికీ దించడానికీ మనుషులు కావాలి. పోటు అర్ధరాత్రి కూడా వస్తుంది. కట్టిన స్లూయిజులు గ్రీజు పెట్టేవాడు లేక తుప్పుపట్టి బిగుసుకుపోయినవి నా సర్వీసులో బోలెడు చూశాను. గేట్లు చూసుకునే లస్కరు పోస్టులు అడిగితే ఆర్థికశాఖ ఒప్పుకోదు. కాబట్టి రెగ్యులేటరుకి ఎన్ని కోట్లు అని జీవో వచ్చేటప్పుడే, దానికి ఎంతమంది లస్కర్లు అన్నది కూడా అదే జీవోలో రాయించండి. తర్వాత వేరే జీవో వస్తుందంటే నమ్మకండి.